మంచినీటిలో ఉప్పు

...పైగా అది సముద్రపు ఉప్పు కాదు. సముద్రపు ఉప్పు నాలుక కొసన మొదలై గొంతు దగ్గరికి వచ్చేసరికి చేదుగా మారుతుంది. పొద్దున గ్లాసులో నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించినప్పుడు ఆ చేదు రాలేదు. వచ్చింది ఇంకేదో. అదేమిటో తనకు తెలుసు. కాదు, తెలియదు. ఈ రెండు మాటల మధ్య మనసు ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఎంతసేపు నిలబడుతుంది? ఎంతసేపైనా నిలబడుతుంది. మూడేళ్ళుగా తను చేస్తున్నది అదే కదా, నిద్రలో కూడా ఒక చెవిని యంత్రాల వైపు నిలబెట్టే ఉంచి...

తల ఇనప కమ్మీకి కొట్టుకుంది. ఓన్నో టామెన్ కళ్ళు తెరిచాడు. ఇంజను గది మెట్టు మీద కూర్చునే కునుకు తీశాడని అప్పుడు తెలిసింది. చేతిలో బార్లీ కాఫీ చల్లారిపోయి ఉంది. యంత్రాలు ఆగిపోయి ఉన్నాయి. మెలకువ రావడానికి కారణం ఆ నిశ్శబ్దమేనేమో. చప్పుడులో నిద్రపోవడం నేర్చుకున్నవాడిని నిశ్శబ్దం తట్టి లేపుతుంది.

పొద్దుటి సంగతులు ఒక్కొక్కటే తిరిగి వచ్చి ఎదురుగా కూర్చున్నాయి. దీవుల దగ్గర పోరు ముగిశాక వాళ్ళ టార్పెడో బోటు డూనా నదిలోకి వచ్చి, రీగా ఊరి చెక్క రేవుకు కట్టుకుని పదిరోజులు దాటింది. బోటుకు పేరు లేదు, నంబరే ఉంది. మనుషులు మాత్రం 'ముసలమ్మ' అంటారు. నది గడ్డకట్టక ముందే మైన్లు ఏరే చిన్న పడవలను వెంటబెట్టుకుని గల్ఫు నోటిదాకా పోయి రమ్మని తెల్లవారగానే ఆజ్ఞ వచ్చింది. బాయిలర్లు వెలిగించే ముందు వాటికి పోసే మంచినీటిలో ఉప్పు చేరిందో లేదో చూడడం ఆనవాయితీ. పరీక్షకు వాడే మందు ఎండాకాలంలోనే అయిపోయింది, మళ్ళీ రాలేదు. అప్పటినుంచి చీఫ్ ఇంజనీరు నాలుకే పరీక్ష. పొద్దున టామెన్ నీళ్ళు పుక్కిలించి, ఉమ్మేసి, "ఉప్పు" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ప్రయాణం ఆగిపోయింది. ఉప్పునీటితో బాయిలర్ కాల్చడమంటే లోపలి గొట్టాలకు పెచ్చు పట్టి, ఏదో ఒక గంటలో ఒక గొట్టం పగిలి, ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ ఆవిరిలో ఉడికిపోవడమే. ఆ సంగతి బోటులో అందరికీ తెలుసు. ఆవిరిని మళ్ళీ నీరుగా మార్చే కండెన్సర్ పెట్టెలో ఏదో గొట్టం కారుతోందని, దానిగుండా బయటి నీరు లోపలికి వస్తోందని కెప్టెన్ హాల్‌బెర్గ్ వెంటనే తేల్చేశాడు. ఉప్పు నీళ్ళు నదిలోకి పారబోయమన్నాడు. మధ్యాహ్నం దళం ఇంజనీరు ఓల్డెకాప్ వచ్చి స్వయంగా చూస్తాడని, లీకు నిజమైతే రిపేరుకు స్వదేశంలోని కీల్ రేవుకు వెళ్ళాలని చెప్పాడు. కీల్ అనే మాట అన్నప్పుడు కెప్టెన్ గొంతు మెత్తబడింది. తన వయసు ముప్ఫై అని చెబితే ఎవరూ నమ్మనంత వడలిన మొహం అతనిది.

ఆ మాట బోటు ముందు భాగంలో నావికులు పడుకునే గదికి మెట్లు దిగకుండానే చేరిపోయింది. కీల్ అంటే ఓడల కార్ఖానా, కార్ఖానా అంటే కనీసం మూడు వారాలు, మూడు వారాలంటే కదలని మంచం. టామెన్ అటుగా పోతుంటే ఎవరో పాట అందుకున్నారు, ఎవరో బూట్లు తుడుచుకోవడం మొదలుపెట్టారు. చీఫ్ గారి నాలుకకు ఐరన్ క్రాస్ పతకం ఇవ్వాలనీ, అయితే దాన్ని ఎక్కడ గుచ్చాలన్నదే సమస్య అనీ టార్పెడోల మేస్త్రీ అన్నాడు. అందరూ నవ్వారు. టామెన్ కూడా నవ్వాడు. నవ్వుతూ, తన మొహం ఏ కండరంతో నవ్వుతోందో గమనించాడు. ఈ మధ్య తనను తాను ఇలా పక్కన నిలబడి చూడడం అలవాటైపోయింది.

కాఫీ పారబోద్దామని పైకి వెళ్ళాడు. అప్పుడే పక్క బోటు తాళ్ళు విప్పుతున్నారు. వాళ్ళు సముద్రం మీదినుంచి తిరిగొచ్చి రెండు రోజులు కాలేదు. ముసలమ్మ వెళ్ళలేదు కాబట్టి వాళ్ళు వెళుతున్నారు. ఆ బోటు ఇంజనీరు వుబ్బో డిర్క్‌సెన్ పొగగొట్టం పక్కన నిలబడి చేతులు కాచుకుంటున్నాడు. కళ్ళ కింద నల్లగా ఉంది.

"నీ ముసలమ్మకి కడుపునొప్పంట కదరా ఓన్నో," అన్నాడు కేకేసి. "మంచి రోజు చూసుకునే పడకేసింది."

"ముసలిది కదా," అన్నాడు టామెన్.

"కీల్‌లో మా ఆవిడ కనబడితే బతికే ఉన్నానని చెప్పు. నే రాస్తే నమ్మడం లేదు."

చెబుతానన్నాడు టామెన్. బోటు మెల్లగా వెనక్కి జరిగి, నది మధ్యకు తిరిగి, బూడిదరంగు వెలుతురులో కలిసిపోయింది. రేవు మెట్ల మీద ఊరి ఆడమనిషి ఒకామె శాలువా నడుముకు చుట్టి, వంగి, బిందె నింపుకుంటోంది. నింపుకుని, దోసిలితో నాలుగు గుక్కలు తాగింది. మూతి తుడుచుకుని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

టామెన్ ఆ మెట్ల వైపే చూస్తూ ఉండిపోయాడు.

నది. ఇది నది. బయట ఉన్నది మంచినీరు. కండెన్సర్ కారితే కారనీ, లోపలికి వచ్చేది ఈమె తాగిన నీళ్ళే. పోయిన వారం ఉప్పులేని నీళ్ళు ఇవాళ ఉప్పగా ఎలా మారతాయి? ఇంత చిన్న సంగతి బోటులో ఒక్కరికీ తట్టలేదు. కెప్టెన్‌కు తట్టలేదు, యంత్రాల దగ్గర పుట్టి పెరిగినట్టుండే తనకూ తట్టలేదు. మూడేళ్ళు సముద్రం మీద బతికినవాళ్ళకు బయటి నీరంటే ఉప్పునీరే. కాలు నేల మీద పెట్టాక కూడా నేల ఊగుతున్నట్టే ఉంటుంది చూడు, అలాంటిదే ఇదీ. కానీ ఓల్డెకాప్ రీగాలో ఆఫీసులో కూర్చుంటాడు. రోజూ ఈ నది పక్కనే నడుస్తాడు, ఈ నది నీళ్ళతోనే టీ తాగుతాడు. అతనికి తట్టడానికి ఎంతసేపు?

తనకు నిజంగా తట్టలేదా, లేక తట్టనివ్వలేదా? ఈ ప్రశ్నను మనసులో అటూ ఇటూ తిప్పి చూశాడు. చేయి మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. వంటగది వెనక హెర్రింగ్ చేపల పీపా ఉంది. రీగా బజారులో కొన్నది, ఊరవేసిన చేపలు. చేయి మూత ఎత్తింది. చేపలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, కళ్ళు తేలేసి, పొడిగా. ఊరిన ఉప్పునీళ్ళు చుక్క లేదు.

ఆ పీపా కొనుక్కొచ్చింది బాయిలర్లకు బొగ్గు వేసే ఫైర్‌మన్ల మేస్త్రీ యాస్పర్ ల్యూట్‌యోహాన్. రాత్రి బాయిలర్ గదిలో కాపలా ఉన్నదీ అతనే. టామెన్ చెల్లెలు గేషె మొగుడు.

బాయిలర్ గదిలో వెలుతురు లేదు, చలి ఉంది. కాలని బాయిలర్ పక్కన ఎంత చలిగా ఉంటుందో ఎప్పుడూ కాలుతూ ఉండేవాడికి తెలియదు. యాస్పర్ బొగ్గు గోతాల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాయి కాని నిద్రపోవడం లేదు. అతను నిద్రపోవడం టామెన్ చాలాకాలంగా చూడలేదు.

"పీపాలో నీళ్ళేమయ్యాయి?" అన్నాడు టామెన్.

"ఏ పీపా?"

"చేపల పీపా."

"ఎవడో తాగుంటాడు. మన కాఫీ కంటే అదే నయం."

"యాస్పర్."

యాస్పర్ కళ్ళు తెరవకుండానే, రేపటి వాతావరణం గురించి చెబుతున్నట్టు, ఆ నీళ్ళు బాయిలర్లకు పోసే మంచినీటిలో తనే పోశానని చెప్పాడు. రెండు బకెట్లు అయ్యాయట. గుడ్డలో వడకట్టి పోశాడట, పొలుసులు పోకుండా. ఆ జాగ్రత్త విని టామెన్‌కు నవ్వు రాబోయి, ఎక్కడో దారిలో ఆగిపోయింది.

ఆ శరత్తులో పెద్ద యుద్ధనౌకల నుంచి ఇద్దరిని తీసుకుపోయి గోడకు నిలబెట్టి కాల్చారు. ఒకడు ఫైర్‌మనే. వాళ్ళు యుద్ధం వద్దని మాటలు మాట్లాడారు, అంతే. ఇతను ఏకంగా యుద్ధంలో ఉన్న బోటును పడుకోబెట్టాడు. టామెన్ ఆ మాట అన్నాడు.

"తెలుసు," అన్నాడు యాస్పర్. "అదీ ఒక రకం పడకే కదా బావా."

"వేళాకోళమా?"

"కాదు. నాకు నిద్ర కావాలి. అంతే. యుద్ధం ఆపుదామని కాదు, జెండా పట్టుకుందామనీ కాదు. అవన్నీ ఓపికున్నవాళ్ళ పనులు." అతను లేచి కూర్చున్నాడు. మొహం మీద బొగ్గుమసి, దాని మీద ఒక చార. "మన దళంలో ఇంకో బోటులో ఆవిరి గొట్టం పగిలినప్పుడు లోపలికి వెళ్ళింది నేనే కదా. వాళ్ళని పైకి మోసుకొచ్చింది నేనే కదా. అప్పట్నుంచి కళ్ళు మూస్తే చాలు, చెవిలో బుస్సుమని ఒకటే చప్పుడు. ఇక్కడ ప్రతి గొట్టం అలాగే చప్పుడు చేస్తుంది, ఏది నిజమో ఏది కాదో ఎవడికి తెలుసు? కీల్‌లో బ్యారక్ నేల కదలదు. గొట్టాలుండవు. అక్కడ పడుకుంటే పట్టుద్దేమో అనుకున్నా."

టామెన్‌కు కోపం రావాలి. కోపం కోసం లోపల వెతికాడు, జేబులో అగ్గిపెట్టె కోసం తడుముకున్నట్టు. దొరికింది చిన్నది.

"నీ నిద్ర కోసం డిర్క్‌సెన్ వెళ్ళాడు. చూశావా? మన బదులు వాళ్ళు వెళ్ళారు."

వాళ్ళు వెళతారని తను అనుకోలేదని యాస్పర్ గొణిగాడు.

"ఎవరో ఒకరు వెళతారు. ఎప్పుడూ ఎవరో ఒకరు వెళతారు," అన్నాడు టామెన్. అని, గోతాం మీద అతని పక్కనే కూలబడ్డాడు. ఇద్దరూ చల్లారిన బాయిలర్ తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు, పెళ్ళింట్లో అలిగి కూర్చున్న వియ్యంకుల్లా.

"ఒకటి అడగనా బావా?" అన్నాడు యాస్పర్. "పొద్దున నోట్లో పోసుకున్నావు కదా. నీ మొహమే చూస్తున్నా నేను. చేపల కంపు నీకు తెలీకుండా పోయిందా? మనం పుట్టిందే చేపల్లో. మీ అమ్మ చేతుల్లో ఆ వాసన, గేషె జుట్టులో ఆ వాసన. నువ్వు 'ఉప్పు' అన్నావు. 'చేప' అనలేదు."

ఇదే ఆ మాట. పొద్దుటినుంచి ఒంటికాలి మీద నిలబడి ఉన్న మనసు ఈ మాట వినగానే రెండో కాలు కింద పెట్టేసింది. టామెన్‌కు వింతగా ఒక తేలిక కలిగింది, దాని వెనకే ఒక భయం. అవును. మొదటి గుక్కలోనే తెలిసింది. తెలిసిన క్షణానికీ ఉమ్మేసిన క్షణానికీ మధ్య ఎంత చిన్న చోటు ఉందో, ఆ చోటులోకి ఒక కోరిక దూరింది, దూరి అతని నోటితో మాట్లాడింది. ఉప్పు. అబద్ధం కూడా కాదది. అబద్ధమైతే అప్పుడే దొరికిపోయేవాడు. సగం నిజాన్ని మనసు ఎంత ఒడుపుగా మోసుకుపోతుంది. కోరిక ఎవరిది, కీల్ కోరుకున్నది ఎవరు? ఇతనొక్కడేనా?

"తెలీలేదు," అన్నాడు.

"సరే," అన్నాడు యాస్పర్. అతని గొంతులో నమ్మకమూ లేదు, నిందా లేదు.

"మనం ఎక్కడున్నామో తెలుసా నీకు?"

"రీగాలో."

"రీగాలో ఎక్కడ?"

"నదిలో. అయితే ఏంటి?" అని, అప్పుడు యాస్పర్ నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. మసి కింద మొహం రంగు మారడం కనబడలేదు కాని, చేతులు మోకాళ్ళ మీదినుంచి జారి గోతాం మీద పడ్డాయి. "అయ్యో," అన్నాడు నెమ్మదిగా. "మంచినీళ్ళు."

కాసేపటికి లేచాడు. తనే కెప్టెన్ దగ్గరకు పోయి చెప్పేస్తానన్నాడు. బావకు ఏమీ తెలియదని, తనొక్కడి పనేనని చెబుతానన్నాడు. గేషెకు మాత్రం జ్వరంతో పోయాడని రాయమన్నాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు, ఒకటి తప్పు కన్నంలో పెట్టి, మళ్ళీ తీసి పెట్టాడు. చావుకు వెళ్ళేవాడు గుండీ సరిచేసుకోవడం చూసి టామెన్ ఇక చూడలేకపోయాడు.

"కూర్చో," అన్నాడు. "ముందు ఆ పీపాలో రెండు బకెట్ల నది నీళ్ళు పొయ్యి. వంటవాడు చూడకముందు. పోసి ఇంజను గదిలోకి రా."

ఇంజను గదిలో కండెన్సర్ మూత అప్పటికే తీసి ఉంది. ఓల్డెకాప్ వచ్చేసరికి సిద్ధంగా ఉండాలని ఇద్దరు మనుషులు విప్పి, లోపల ఆవిరి తిరిగే వైపంతా నీటితో నింపి, భోజనానికి వెళ్ళిపోయారు. ఎక్కడైనా కారితే ఇత్తడి పలక మీద చెమ్మ కనబడుతుంది. టామెన్ లాంతరు ఎత్తి చూశాడు. తేనెపట్టులా వందల గొట్టాల నోళ్ళు. ప్రతి నోటి చుట్టూ ఒక ఇత్తడి నట్టు, ప్రతి నట్టు కింద కొవ్వులో నానబెట్టిన నూలు తాడు. తాడు చుట్టింది తనే. మరొకరి చేతికి ఈ పని ఎప్పుడూ ఇవ్వలేదు. పలకంతా పొడిగా ఉంది. ఒక్క గొట్టం కూడా చెమర్చలేదు. ఏ భార్య మొహాన్నీ అతను ఇంత దగ్గరగా చూసి ఉండడు, పెళ్ళి చేసుకోనేలేదు. ఈ మూడేళ్ళలో లోకంలో ఏదైనా తన వల్ల సవ్యంగా ఉందీ అంటే అది ఈ పలక.

యాస్పర్ వెనకనుంచి వచ్చి చూశాడు. చూసి, "బాగుంది," అన్నాడు. అన్న తర్వాత అదెంత చెడ్డ మాటో ఇద్దరికీ అర్థమైంది.

ఒక్క నట్టు వదులైతే చాలు. దీవుల దగ్గరినుంచి వచ్చే దారిలో, సముద్రం మీదే, తాడు అరిగి కారడం మొదలైందని చెప్పొచ్చు. ఉప్పు అప్పుడే చేరిందని, నదిలోకి వచ్చాక ఎవరూ రుచి చూడలేదని, ఆ తప్పు తనదని చెప్పొచ్చు. తప్పుకు తిడతారు, కాల్చరు. ఓల్డెకాప్ నమ్మొచ్చు. నమ్మకపోతే గోడ దగ్గర ఒకడికి బదులు ఇద్దరు. అప్పుడు గేషెకు మొగుడూ ఉండడు, అన్నా ఉండడు.

ఎవరి కోసం? గేషె కోసమే అనుకుందామని చూశాడు. ఆ ఆలోచన శుభ్రంగా ఉంది, అందుకే నమ్మబుద్ధి కాలేదు. యాస్పర్ కోసమా? ముందు గదిలో బూట్లు తుడుచుకుంటున్నవాళ్ళ కోసమా? లేక కదలని మంచం మీద తనూ ఒకసారి రెండు చెవులూ మూసుకుని పడుకోవడం కోసమా? అన్నీ ఒకదానిలో ఒకటి నానిపోయి ఉన్నాయి. ఏది ఏదో ఏరుకునే ఓపిక లేదు. డిర్క్‌సెన్ మొహం ఒకసారి గుర్తొచ్చింది. ఈ పాటికి నది నోరు దాటి ఉంటాడు. వాళ్ళు తిరిగి రాకపోతే, ఈ పలక పొడిగా ఉందన్న సంగతి తన ఒక్కడి లోపలే ఉండిపోతుంది, ఎన్నాళ్ళు బతికితే అన్నాళ్ళు.

పైన చెక్క వంతెన మీద అడుగుల చప్పుడైంది. బోటు కాస్త ఒరిగి సర్దుకుంది. బరువైన మనిషి. కెప్టెన్ గొంతు, దాని మీద ఇంకొక గొంతు, దగ్గు.

"అది తర్వాత చూద్దాం హాల్‌బెర్గ్," అంటున్నాడు ఓల్డెకాప్. "ముందు ఇది చెప్పు. మీరు నదిలోకొచ్చి ఎన్ని రోజులైంది?"

కెప్టెన్ ఏం జవాబిచ్చాడో కిందికి వినబడలేదు.

యాస్పర్ టామెన్ వైపు చూశాడు. టామెన్ లాంతరు అతని చేతికిచ్చాడు.

"పైకి పో. మెట్లు జారుతున్నాయని చెప్పి లాంతరు పట్టు. పెద్దాయన కదా, మెల్లగా దింపు."

"బావా..."

"పో."

యాస్పర్ వెళ్ళాడు. లాంతరు వెలుగు అతనితోపాటే మెట్లెక్కిపోయి, పలక చీకట్లో మునిగింది. ఇక వేళ్ళకు తెలిసిందే చూపు. టామెన్ వంగి, కింది వరసలో మూలనున్న నట్టును వేలితో తడిమి పట్టుకుని, దాని గాడిలో పానా దూర్చాడు. కదల్లేదు. గట్టిగా బిగించి ఉంది, బిగించింది తనే. పై మెట్టు మీద మొదటి బూటు ఆనిన చప్పుడైంది. అతను ఊపిరి బిగబట్టి, భుజం బరువంతా చేతిలోకి తెచ్చుకుని, నట్టును ఎడమవైపుకు అరచుట్టు తిప్పాడు.